ప్యాకేజీ ఎంతని కాదు, గాలి ఎటని అడుగుదాం



పాడేరు పక్కన వంజంగి కొండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే చీకటితోనే టూరిస్టులు టార్చిలైట్లు పట్టుకుని కొండెక్కుతారు. తెల్లారేసరికి కింద లోయ నిండా తెల్లటి మంచు, పాలు పొంగినట్టు. ఫొటోలు, రీల్సు, మేఘాల సముద్రం అని క్యాప్షన్లు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ మంచు కింద మన ఊళ్ళున్నాయి. అక్కడ పొద్దున్నే పొయ్యి ముట్టించిన అమ్మకి ఇంకో సంగతి తెలుసు. ఆ పూట పొగ పైకి లేవదు. ఇళ్ళ కప్పుల మీద పరుచుకుని, ఎండ ముదిరేదాకా లోయలోనే తిరుగుతుంది.

దీని వెనక పెద్ద సైన్సేం లేదు. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు. కొండవాలు మీంచి నీళ్ళలాగే జారి లోయలో నిండుతుంది. దానిమీద వెచ్చటి గాలి కుండమీద మూతలా కూర్చుంటుంది. ఆ మూత తీసేది సూర్యుడే. అప్పటిదాకా లోపలున్నది లోపలే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. ఆ కుండలో ఉన్నది పొయ్యి పొగ కాదు, ఫ్యాక్టరీ నుంచి లీకైన గ్యాసు.

మన ఏజెన్సీలోనో, ఏజెన్సీ అంచునో ఒక ప్లాంటు వస్తోందని తెలిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఏంటి? భూమి ఎంత పోతుంది. రెండోది, ఎకరాకి ఎంతిస్తారు. మూడోది, ఇంటికో ఉద్యోగం ఇస్తారా. మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ నాలుగోది ఒకటుంది, దాన్ని మనం దాదాపు ఎప్పుడూ అడగం. ఇది ఇక్కడే ఎందుకు? ఏదైనా తేడా వస్తే మేం ఎటు పోవాలి?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్లాంటు భద్రత హెల్మెట్ దగ్గర మొదలవదు, వాల్వు దగ్గరా మొదలవదు. స్థలం ఎంచుకున్న రోజునే సగం భద్రత తేలిపోతుంది. ఆ రోజు మన గ్రామసభ మాట లేకపోతే, తర్వాత తీసుకునే ప్యాకేజీ మన ప్రాణాలకి ముందే కట్టిన ఖరీదు అవుతుంది.

ఇది మైదానంలో సంగతి కదా, మనకెందుకు అంటారేమో. 2020 మే 7 గుర్తు చేసుకోండి. విశాఖపట్నం, ఆర్.ఆర్. వెంకటాపురం. లాక్‌డౌన్‌తో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు ఆగిపోయి ఉంది. ట్యాంకుల్లో స్టైరీన్ మాత్రం అలాగే ఉంది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి. దానంతటది వేడెక్కి గట్టిపడిపోకుండా మందు కలుపుతూ ఉండాలి. ఈ రెండూ సరిగ్గా జరగలేదు. తెల్లవారుజామున ట్యాంకులోంచి ఆవిరి తన్నుకొచ్చింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. పశువులు ఎక్కడివక్కడే పడిపోయాయి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చాలా తప్పులు బయటపెట్టింది. వాటిలో ఒకటి నేను మర్చిపోలేను. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది. ఆ రాత్రి ఒక్క చోట కూడా ఎవరూ నొక్కలేదు.

ఆ ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. తర్వాత దాని చుట్టూ ఊరు పెరిగింది. ఫ్యాక్టరీ పెంచుకోడానికి అనుమతులు వచ్చాయి, పక్కన ఇళ్ళు కట్టుకోడానికీ అడ్డు రాలేదు. మధ్యలో ఖాళీ నేల ఉంచాలన్న ఆలోచన మాత్రం ఎవరి ఫైల్లోనూ లేదు. ప్రమాదం జరిగాక, దాన్ని జనావాసాలకు దూరంగా తరలించాలని అదే కమిటీ చెప్పింది. అంటే స్థలం ప్రశ్న అడిగారు. కాకపోతే 12 శవాలు లేచాక అడిగారు.

అంతకు ముందు భోపాల్. 1984 డిసెంబర్ 2, చలికాలం అర్ధరాత్రి. మిక్ గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోకుండా నేలబారుగా బస్తీల్లోకి పాకింది. దిక్కు తెలియక గాలి పోయే వైపే పరుగెత్తినవాళ్ళు గ్యాసుతో పాటే పరుగెత్తారు. గాలికి అడ్డంగా పోవాలనీ, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలనీ అంతకు ముందు వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఖర్చెంత? ఏమీ కాదు. వేలమంది పోయారు.

నాకు ఈ సంగతి పుస్తకం చదివి తెలియలేదు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఒక ఏడాది కింద మైదానంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు హెల్పర్‌గా చేశాను. మనోళ్ళు చాలామంది చేస్తున్న పనే. మొదటిరోజు ఒక హెల్మెట్, ఒక మాస్కు, ఒక సంతకం. షెడ్డు మీద చారల గుడ్డసంచి ఒకటి గాలికి ఊగుతుంటే జెండా అనుకున్నాను. మూడు నెలల తర్వాత టీ తాగుతుంటే ఒక ఆపరేటర్ అన్న చెప్పాడు. "అది జెండా కాదురా, గాలి ఎటు పోతుందో చూపించేది. లీకైతే గేటువైపు పరిగెత్తకు. ముందు తలెత్తి దాన్ని చూడు. గాలికి అడ్డంగా పో." మూడు నెలలు ఈ మాట తెలియకుండానే డ్రమ్ముల మధ్య పనిచేశాను. లోపల పనిచేసేవాడికే మూడు నెలలు పట్టింది, గోడ అవతల ఊరికి ఎప్పుడు చేరుతుంది?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పేలుడులో 40 మందికి పైగా పోయారు. సిగాచిలో పోయినవాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. మన పిల్లలు కూడా ఆ లైన్లోనే నిలబడుతున్నారు. కాబట్టి ఇది మైదానంవాళ్ళ సంగతి కాదు. గోడ లోపలా మనమే, గోడ బయటా మనమే.

ఇక మన కొండల సంగతికి వద్దాం. మైదానంలో పెట్టే ప్లాంటుకీ కొండల మధ్య పెట్టే ప్లాంటుకీ తేడా ఉంది. ఆ తేడా మనకన్నా బాగా ఎవరికీ తెలియదు.

మొదటిది గాలి. పైన చెప్పాను. రెండోది నీళ్ళు. మన దగ్గర నీళ్ళు కొండమీద పుట్టి గెడ్డలుగా, వాగులుగా ఊళ్ళ మధ్యనుంచి దిగుతాయి. పైన ఏది కలిసినా కింద తాగేది మనమే. మూడోది దారి. చాలా ఊళ్ళకి ఒక్కటే దారి, అది కూడా వానకి తెగే దారి. ప్రమాదం ఆ దారివైపే జరిగితే రెండో దారి లేదు. నాలుగోది ఆసుపత్రి. పురిటి నొప్పులకే డోలీ కట్టి మోసుకుపోతున్న ఊళ్ళు మనవి. గ్యాసు పీల్చినవాళ్ళు యాభైమంది ఉంటే ఎన్ని డోలీలు కడతాం?

ఈ నాలుగూ చూడకుండా "నీళ్ళు దగ్గర, బొగ్గు దగ్గర, ఖనిజం దగ్గర, భూమి చవక" అని నాలుగు లెక్కలు వేసి చోటు ఎంచుకుంటే, అది కంపెనీకి మంచి చోటు. మనకి కాదు.

అల్యూమినా రిఫైనరీ సంగతే తీసుకోండి. బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి అల్యూమినా తీస్తారు. ఒక టన్ను అల్యూమినాకి సుమారుగా ఒకటి నుంచి ఒకటిన్నర టన్నుల ఎర్ర బురద మిగులుతుంది. రెడ్ మడ్ అంటారు. ఒంటికి తగిలితే కాలుతుంది. అది ఎక్కడికీ పోదు, గట్టు కట్టి చెరువులా ఏళ్ళ తరబడి నిలవ చేస్తారు. 2010 అక్టోబర్ 4న హంగరీ దేశంలో ఐకా దగ్గర అలాంటి గట్టు ఒకటి తెగింది. కింద ఉన్న ఊళ్ళ మీద ఎర్రటి వరద పడింది. 10 మంది చనిపోయారు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాదీన్యు దగ్గర ఇనుప గని వ్యర్థాల గట్టు తెగింది. 270 మంది పోయారు. అక్కడ గని క్యాంటీన్, ఆఫీసు కట్టింది ఎక్కడో తెలుసా? సరిగ్గా ఆ గట్టు కిందే. ఇంజనీర్లు, మేనేజర్లు ఉన్న కంపెనీయే తన మనుషుల్ని గట్టు కింద కూర్చోబెట్టి అన్నం పెట్టింది. అలాంటప్పుడు, "మీ ఊరు గట్టు కింద ఉంది, అయినా భయం లేదు" అంటే మనం ఎలా నమ్మాలి?

మన దగ్గర ఈ రిఫైనరీలకి చోటు ఎలా ఎంచుకున్నారో చూడండి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. దాంతో లెక్క మారింది. కొండమీద తవ్వేది ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ అట, కింద శుద్ధి చేసేది ప్రైవేటు కంపెనీ అట. ఆ ఒప్పందాల ప్రకారం ఒక రిఫైనరీకి శృంగవరపుకోట దగ్గర బొడ్డవర వైపు భూములు తీసుకున్నారు. అరకు రైలు కొండెక్కడం మొదలుపెట్టేది అక్కడే. ఇంకోదాన్ని నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో కట్టారు, చింతపల్లి కొండల కింద. రెండూ షెడ్యూల్డ్ ఏరియా గీతకి అవతల, కానీ గీతకి దగ్గర్లోనే. గీత దాటితే 1/70 లేదు, పెసా లేదు. కొండ కింద ఉన్న నాన్ షెడ్యూల్డ్ ఆదివాసీ ఊళ్ళకి ఆ రక్షణ లేదు.

గీత కాగితం మీదిది. కొండమీద పుట్టిన గెడ్డకి గీత తెలియదు. రాత్రి కొండ దిగే గాలికీ తెలియదు.

కొండమీద మనవాళ్ళు నిలబడ్డారు కాబట్టి బాక్సైట్ కిందకి దిగలేదు. 2015లో జీవో 97 ఇచ్చి చింతపల్లి, జెర్రెల అడవుల్ని తవ్వకాలకి అప్పగించబోతే ఊరూరా లేచారు. చివరికి 2019లో ఆ అనుమతి రద్దయింది. అది మన గెలుపు, ఎవరి దయా కాదు. కానీ ఆ గెలుపులో ఒక పాఠం కూడా ఉంది. కింద ప్లాంటు ముందే కట్టేస్తే, "ఇంత డబ్బు పెట్టాం, ఇక ఖనిజం ఇవ్వకపోతే ఎలా" అనే ఒత్తిడి మొదలవుతుంది. చోటు ఎంచుకోవడం అంటే తర్వాతి అడుగు కోసం మేకు దిగ్గొట్టడం.

ఒడిశాలో నియమగిరి చూడండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట 12 గ్రామసభలు జరిగాయి. 12కి 12 ఊళ్ళూ తవ్వకం వద్దన్నాయి. డోంగ్రియా కోందుల గెలుపుని మనం ఇప్పటికీ పాటలుగా పాడుకుంటాం. అయితే ఆ గ్రామసభల ముందు పెట్టిన ప్రశ్న కొండ గురించి. కొండ కింద లాంజిగఢ్‌లో రిఫైనరీ అప్పటికే కట్టేశారు. కొండ మిగిలింది, ప్లాంటూ మిగిలింది. వేరే చోట నుంచి బాక్సైట్ తెచ్చుకుని నడుస్తోంది. దాని ఎర్ర బురద చెరువు ఉన్నది వంశధార పుట్టిన ప్రాంతంలో. ఆ వంశధారే శ్రీకాకుళం జిల్లా పొలాలు తడిపి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి చోటు నిర్ణయం ఇక్కడి నీళ్ళ నిర్ణయం కూడా అయింది. ఇక్కడివాళ్ళని ఎవరడిగారు?

తెలంగాణ వైపు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక ప్రశ్న. మణుగూరు పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. 1991 నుంచి నడుస్తోంది. గోదావరి నీళ్ళు, సింగరేణి బొగ్గు దగ్గర కాబట్టి కోయ ఊళ్ళ మధ్య పెట్టారు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు వాడతారు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆ గ్యాసుతో చిక్కేంటంటే, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. వాసన ఆగిపోయింది కదా, గ్యాసు పోయిందనుకుంటే ప్రాణం పోతుంది. గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో చేరుతుంది. అక్కడేదో జరగబోతోందని భయపెట్టడానికి చెప్పడం లేదు. అడుగుతున్నాను, అంతే. సైరన్ మోగితే ఎటు పోవాలో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? మీ అవ్వకి కోయలో ఎవరైనా చెప్పారా?

అదే మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ ప్లాంటు సంగతీ చూశాం. పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలుపెట్టారు. 2015 డిసెంబర్‌లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆపమంది. 2017లో అనుమతి వచ్చింది. ప్లాంటు అదే చోట లేచింది. ముందు పునాది, తర్వాత అనుమతి. అలా జరిగినప్పుడు "ఇక్కడే ఎందుకు" అన్న ప్రశ్నకి విలువేముంటుంది? గోదావరి ఒడ్డున ఏది కట్టినా 2022 జులై గుర్తుండాలి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. నది ఎక్కడిదాకా వస్తుందో చూపించడానికి ఇంజనీరు అక్కర్లేదు, ఒడ్డున ఉన్న ఏ ముసలాయనని అడిగినా చేత్తో చూపిస్తాడు.

చట్టాల్లో ఏమీ లేదా అంటే, ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన ఫ్యాక్టరీకి చోటు చూడటానికి స్థల పరిశీలన కమిటీ వేయాలని రాశారు. లోపల ఏ ప్రమాదం ఉందో, వస్తే ఏం చేయాలో పనివాళ్ళకీ, చుట్టుపక్కల జనానికీ కంపెనీ చెప్పి తీరాలని రాశారు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఆవరణ బయటి జనం కోసం జిల్లా యంత్రాంగం ఒక అత్యవసర ప్రణాళిక తయారు చేయాలి, ఏడాదికి ఒకసారైనా దాని రిహార్సల్ జరగాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ ప్లాంటు పెట్టే చోటో, దగ్గర్లోనో జరగాలి, కనీసం 30 రోజుల ముందు చెప్పాలి.

లేనిదల్లా ఆ కాగితం మన ఇంటిదాకా రావడం. పర్యావరణ నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. కువి, కోయ, సవర, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మలకి ఆ తెలుగు కూడా పరాయిదే. ప్రమాదం జరిగితే ఎంత దూరం ఏమవుతుందన్న లెక్క సారాంశంలో ఒకటి రెండు లైన్లలో తేల్చేస్తారు. అసలు లెక్క సాధారణంగా 7వ అధ్యాయంలో ఉంటుంది. చాలా నివేదికలకి వానాకాలం కాని ఒక్క సీజన్ కొలతలే ఆధారం. గెడ్డ పొంగేది వానాకాలంలో. మన లోయలో గాలి కదలనిది చలికాలం తెల్లవారుజామున. ఈ రెండూ లేని లెక్కతో మన ఊరికి భయం లేదని ఎలా చెబుతారు?

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలని పెసా చెబుతుంది. సంప్రదించడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ రెండు మాటల మధ్య సందులోంచే చాలా ప్లాంట్లు వచ్చాయి. అందుకే సంప్రదించడానికి వచ్చిన రోజు మనం ఏం అడిగామో, వాళ్ళు ఏం చెప్పలేదో కాగితం మీద ఉండాలి. రేపు కోర్టులో మన గొంతు ఆ కాగితమే.

ఇప్పుడు మీలో కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "అన్నా, అన్నీ వద్దంటే ఉద్యోగాలెక్కడివి?" నేను తేలిగ్గా తీసుకోను. 2020లో జీవో 3ని కొట్టేశాక మన టీచర్ ఉద్యోగాలు ఎలా పోయాయో మీకు తెలుసు. బీఈడీ చేసిన అక్కలు కూలికి పోతున్నారు. ప్లాంటు వస్తే కనీసం నెలకి జీతం వస్తుంది కదా అనుకోవడం తప్పు కాదు. ప్లాంటు పేరెత్తితే వద్దనాలని నేను చెప్పడం లేదు. కాఫీ, పసుపు, జీడిపిక్కలు మన దగ్గరే శుద్ధి చేసుకుంటే మంచిదే. అయితే కాఫీ గుజ్జు కడిగిన నీళ్ళు గెడ్డలోకి వదిలినా గెడ్డ పాడవుతుంది. కోల్డ్ స్టోరేజీ పెడితే అమ్మోనియా వాడతారు. చిన్నదానికైనా ఇవే ప్రశ్నలు. కరెంటు కోసం పంప్డ్ స్టోరేజీ అని కొండమీద ఒక రిజర్వాయరు, కింద ఒకటి కడతామంటున్నారు. పై గట్టు తెగితే నీళ్ళు ఏ ఊరిమీదికి ఎన్ని నిమిషాల్లో వస్తాయో మ్యాపు చూపించమని అడగాలి. పెద్ద ఆనకట్టలకి అలాంటి అత్యవసర ప్రణాళిక ఉండాలని 2021 ఆనకట్టల భద్రత చట్టమే చెబుతోంది. ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఇంటికి రావాలి. వచ్చేసరికి ఇల్లూ ఉండాలి.

మన ఉద్యమానికీ ఒక మాట. కోపం తెచ్చుకోకండి, నేనూ ఇందులో ఉన్నవాడినే. ప్లాంటు రాకముందు మనం "వద్దు" అని ర్యాలీ తీస్తాం. వచ్చేస్తుందని తెలిశాక ప్యాకేజీ దగ్గర కూర్చుంటాం. నడవడం మొదలయ్యాక ఇక అటువైపు చూడం. పైపు తుప్పు పట్టిందా, గట్టుకి చెమ్మ ఎక్కిందా, సైరన్ పనిచేస్తుందా, డ్రిల్లు ఎప్పుడు చేశారు, ఎవరం అడగం. ప్రమాదం జరిగాక మళ్ళీ జెండాలతో వెళ్ళి నష్టపరిహారం అడుగుతాం. మధ్యలో ఉన్న ఇరవై ముప్ఫై ఏళ్ళు ఎవరివి? ఆ ఏళ్ళు కూడా మనవే. అడ్డుకోగలిగితే అడ్డుకుందాం. అడ్డుకోలేని చోట ప్రతిరోజూ కాపలా కాద్దాం. కాపలా కాయడం లొంగిపోవడం కాదు.

అందుకే మీ ఊరికి ఏ ప్లాంటు వస్తుందన్నా ఈ ఏడు ప్రశ్నలు గ్రామసభ రిజిస్టరులో రాయించండి.

1. లోపల నిలవ ఉండే ప్రమాదకరమైన సరుకు ఏంటి? ఎన్ని టన్నులు? ఏ మూల ఉంటుంది?

2. ఇక్కడే ఎందుకు? ఇంకా ఏయే చోట్లు చూశారు? వాటిని ఎందుకు వదిలేశారు?

3. ఘోరమైన ప్రమాదం జరిగితే ఎంత దూరం పాకుతుంది? ఆ గీత మన ఊళ్ళ పేర్లతో, గూడేల పేర్లతో మ్యాపు మీద గీసి చూపించండి.

4. గాలి, నీళ్ళు ఏ నెలల్లో, ఎక్కడ కొలిచారు? చలికాలం తెల్లవారుజాము ఉందా? వానాకాలం గెడ్డ పొంగు ఉందా?

5. బురద చెరువు, బూడిద చెరువు గట్టు తెగితే ఎటు పారుతుంది? ఆ దారిలో ఎన్ని ఇళ్ళున్నాయి?

6. సైరన్ ఎవరు మోగిస్తారు? మన భాషలో ఎవరు చెబుతారు? రెండో దారి ఎప్పుడు వేస్తారు? ఆ విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉంటుంది?

7. ప్లాంటు మూసేశాక మిగిలిన విషం ఎవరిది? భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని అక్కడినుంచి కదిలించింది 2025 జనవరిలో. 40 ఏళ్ళు పట్టింది.

సమాధానం వస్తే రాసుకోండి. రాకపోతే "సమాధానం రాలేదు" అని రాయండి. ఆ మూడో ప్రశ్నకి మ్యాపు ఇవ్వకుండా తీర్మానం మీద వేలిముద్ర అడిగితే వేయకండి. ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్ళినప్పుడు అభ్యంతరం నోటితో చెప్పి వదిలేయకండి, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ జరిగినదంతా వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. నిబంధనల్లోనే ఉంది. భోజనాల వాసన వచ్చిందని టెంటు కింద నుంచి లేవకండి. మనం లేచాకే అసలు మాటలు రాస్తారు.

చదువుకున్న మీకు ఇంకో పని ఉంది. మీ ఫోన్లో ఆ నివేదిక పీడీఎఫ్ దించుకోండి. 7వ అధ్యాయం నలుగురు కూర్చుని చదవండి. అర్థం కాని మాటలు సైన్సు చదివిన ఎవరినైనా అడగండి. తర్వాత దాన్ని మీ భాషలో మీ అమ్మకి, అవ్వకి, పెసా కమిటీ పెద్దలకి చెప్పండి. వాళ్ళు వెనక్కి ఒక మాట చెబుతారు. "ఆ పల్లంలో పొద్దున పొగ కదలదురా" అనో, "ఆ గట్టు పెట్టేచోట పాత ఊట ఉందిరా" అనో. ఆ మాట ఏ నివేదికలోనూ ఉండదు. దాన్ని తీర్మానంలో ఎక్కించండి. తేదీ, సంతకాలతో.

మావ నాటే మావ రాజ్ అంటాం. మన ఊళ్ళో మన రాజ్యం అంటే భూమి పట్టా ఒక్కటే కాదు. మన ఊరి మీదికి వచ్చే గాలిలో ఏముందో ముందుగా తెలుసుకునే హక్కు కూడా అందులో ఉంది. ఈ చలికాలం మీ ఊళ్ళో తెల్లవారుజామున ఒకసారి బయటికొచ్చి పొయ్యి పొగ ఎటు పోతుందో చూడండి. ఎంతసేపు నిలబడిందో, ఏ పల్లంలో చేరిందో నోటు పుస్తకంలో రాయండి. నెల రోజులు రాస్తే చాలు. కంపెనీ లెక్క పట్టుకుని వచ్చిన రోజు, మన లెక్క మన దగ్గర ఉంటుంది.

జోహార్.